గిర్ని బుజ్జమ్మ గిరాకి

బెల్టు ఎక్కించి మీట నొక్కితే పిండి గిర్ని కాసేపు గొణిగి, ఆనక దారిలోకి వచ్చింది. బుజ్జమ్మ తొట్టిలో జొన్నలు పోసింది. ఆమె కనురెప్పల మీద, ముక్కుపుడక లేని ముక్కు మీద తెల్లటి పిండి. ఆత్మకూరు బస్టాండు వెనక ఈ రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఇదే మోత. ఆ మోతలో ఆమెకు మెలకువగా ఉండగానే కలలొస్తాయి.

ఈ నెలంతా ఒకటే కల. ఫోను మోగుతుంది, ఎవరో చీర కొన్నారని చెబుతుంది. వనపర్తిలో చదివే చెల్లెలి కూతురు రోహిణి ఆ ఫోనులో చీరల కంపెనీ లింకు పెట్టిచ్చింది. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే బుజ్జమ్మకు కమీషన్. నెల లోపల ఒక్క చీరైనా పోకపోతే ఖాతా మూసేస్తారు. గడువు ఈ సాయంత్రమే. పైసల మాట అట్లుంచి, ఒక్కరైనా తన మాట మీద కొన్నారు అనిపించుకోవాలని ఆమె ఆశ.

పంపడానికైతే పంపింది. బస్సు కండక్టరుకు, పాలాయనకు, కరెంటు బిల్లాయనకు. వాళ్లకు చీరలెందుకు పాపం! రోహిణి ఒకటే నవ్వు.

"పెద్దమ్మా, కొనే పని ఉన్నోళ్లను దేవులాడాలె."

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే మరి. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లో అందరికన్నా ముందు బుజ్జమ్మకే తెలుస్తుంది. పసుపు కొమ్ములు గిర్నికి రాక తప్పదు కదా. కానీ మొగుడు పోయిన పద్దెనిమిదేళ్లుగా పెళ్లి పసుపును ఆమె ముట్టదు. వచ్చినవాళ్లే పోసుకుంటారు, వాళ్లే ఎత్తుకుంటారు. ఈమె మీట నొక్కి గోడకు జరుగుతుంది. పెళ్లింటికి తన ఫోను నుంచి మాట పోవడం ఏం శుభమని ఒక్కరి నంబరూ అడగలేదు.

మధ్యాహ్నం శ్రీరంగాపూర్ కళావతి రెండు సంచుల కొమ్ములతో దిగింది. బిడ్డ పెళ్లట. బుజ్జమ్మ గోడకు జరిగింది.

"ఏందక్కా, గట్ల జరుగుతవ్? జర సంచి పట్టు."

"నేను ముట్టొద్దు గద చెల్లె."

"మా అమ్మ గూడ గిట్లనే జరిగి జరిగి పోయింది. నువ్వు పట్టు."

బుజ్జమ్మ పట్టింది. గిర్ని నుంచి రాలే వెచ్చటి పసుపు మోచేతుల దాకా అంటింది. కళ్లలో నీళ్లు తిరిగితే ఘాటు మీదికి నెట్టేసింది. ఆ ధైర్యంతోనే అడిగింది.

"ఫోన్ల చీరలు పంపుత, చూస్తరా?"

"పంపు. మా పిల్లకు పంపిస్త, అదే చూసుకుంటది."

బుజ్జమ్మ నంబరు అడిగి, బొటనవేలితో నొక్కి లింకు పంపి, ఫోను తూకం పళ్లెంలో పెట్టి సంచి మూతి కట్టింది.

"రేపే పసుపు కొట్నం. నువ్వు గూడ రా అక్కా, రోట్ల రెండు పోట్లేసి ఉండి పోదువు."

ఆ పిలుపు వినగానే బుజ్జమ్మ గిర్ని ఆపింది. చేతులు కడుక్కోలేదు. యజమాని అనంతయ్యకు తాళంచెవి ఇచ్చి, "పొయ్యొస్త సేటు" అని, ఒక సంచి నెత్తిన పెట్టుకొని కళావతితో బస్సెక్కింది. గడువు సంగతే గుర్తు లేదు.

పొద్దు వాలే వేళకు, తాళం వేసిన షెడ్డులో ఫోను వెలిగింది. మొదటి చీర అమ్ముడుపోయిందని రెండు వరసల అక్షరాలు. చూసేవాళ్లు లేక కాసేపటికి ఆ వెలుగు ఆరిపోయింది. తూకం పళ్లెంలో, ఫోను అద్దం మీద, పచ్చగా ఒక బొటనవేలి ముద్ర.