డేనిష్ శనివారం

విడాకుల తర్వాత షాలేం రాజుకు మిగిలింది శనివారం ఒక్కటే. ఆ రోజు ఎనిమిదేళ్ల షారన్ క్యారీ ఊళ్లోని అతని అపార్ట్‌మెంట్‌కు వస్తుంది. ఆదివారం ఆరాధనకు శుభ్రంగా వెళ్లాలని చిన్నప్పుడు తల్లి తనకు చేసినట్టే, అతను కిచెన్ సింక్ దగ్గర స్టూల్ వేసి, కూతురికి కుంకుడు రసంతో తలంటుతాడు. వారం పొడవునా ఎవరికీ అక్కరలేని చేతులు ఆ కాసేపూ ఒకరికి కావలసినవవుతాయి.

ఇదే ఆఖరి శనివారం. షారన్ తల్లి ఫెబీకి ఆమె మందుల కంపెనీ కోపెన్‌హాగన్‌లో పోస్టింగ్ ఇచ్చింది. బుధవారం తల్లీకూతుళ్ల ప్రయాణం.

షారన్ తల వంచుకుని డేనిష్ వారాల పేర్లు అప్పజెబుతోంది. అవి అతనికీ వచ్చు. ముందు ముందు ఫోన్‌లో కూతురి మాట అర్థం కాకుండా పోతుందేమోనన్న భయంతో, ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో నేర్చుకున్నాడు. సోమవారం అక్కడా చంద్రుడిదేనని, వాళ్ల మంగళవారం టీర్స్‌దే యుద్ధ దేవుడిదని, మన మంగళవారపు కుజుడికీ యుద్ధాలే పనని వరసగా చెప్పుకొచ్చాడు.

"అన్నీ వేరే గాడ్స్ పేర్లేనా? పాస్టర్ అంకుల్‌కి చెప్పకు డాడీ," అంది షారన్. ఇద్దరూ నవ్వారు.

అన్నీ కలిశాయి కాబట్టి చివరిదీ కలుస్తుందన్న ధీమాతో, "శనివారం లోర్దే. అది శనిది," అన్నాడు.

"కాదు డాడీ. అది స్నానం డే. ఓల్డ్ టైమ్స్‌లో వాళ్లు సాటర్‌డే స్నానం చేసేవాళ్లు. ఆ డేకి గాడ్ లేడు."

జుట్టులో అతని వేళ్లు ఆగిపోయాయి. ఎవరో తన రోజునే తీసుకెళ్లి ఆ దేశంలో పెట్టినట్టనిపించింది. అడగకూడదనుకున్నది అడిగేశాడు.

"మరి అక్కడ నీకెవరు తలంటుతారే?"

"నేనే. నాకొచ్చు. లాస్ట్ ఇయర్ నుంచే వచ్చు."

"నాతో చెప్పలేదేం తల్లీ?"

సింక్‌లో నురగ చిట్లుతోంది.

"నీకు ఇష్టం కదా, డాడీ."

ఆ గొంతులో జాలి కోసం వెతికాడు. లేదు. ఉంటే కోపమైనా తెచ్చుకునేవాడు. ఇన్నాళ్లూ తాను ఆమెను సాకుతున్నాననుకున్నాడు. ఆ స్టూల్ మీద నిలబడి, మెడ నొప్పి పుట్టినా వంచి, ఆమే తనను సాకింది.

చెంబు ఆమె చేతికివ్వాలనుకున్నాడు. ఇవ్వలేకపోయాడు. రసమంతా ఎప్పుడో పోయింది, జుట్టు నుంచి వట్టి నీళ్లే జారుతున్నాయి. అయినా ఇంకో చెంబు నింపాడు.

షారన్ కళ్లు గట్టిగా మూసుకుంది, కుంకుడు రసం మండుతున్నట్టే.