రాడోమిర్ కోటు కుడిచెయ్యి

చిలీ దేశపు దక్షిణ కొసన ఉన్న పుంతా అరేనాస్‌లో ఎవరూ నిటారుగా నడవరు. ఈడ్చి కొట్టే గాలికి ఎదురు ఒంగి నడుస్తారు. గాలి మరీ ముదిరిన రోజున వీధి మూలల్లో తాళ్లు కడతారు, పట్టుకుని దాటమని. అందుకే ఆ ఊళ్లో కోటు కుట్టేవాళ్లు ముందు "కాస్త ఒంగండి" అంటారు, ఆ తర్వాతే టేపు తీస్తారు.

జులేమా కుట్టిన కోటుకి ఇన్నేళ్లలో వంక పెట్టినవాడు లేడు. రాడోమిర్ కోటు దగ్గరే పరువు పోయేలా ఉంది.

రాడోమిర్ వంటవాడు, మంచి పొడగరి. రేవు దగ్గర అతను పనిచేసే హోటల్ మూతబడితే, జలసంధికి అవతల ద్వీపంలో గొర్రెల ఎస్టేటులో పని దొరికింది. కోటు తయారైతే శనివారం పడవెక్కడమే. వెళితే రెండేళ్లదాకా రాడు. ఆ మాట విన్నప్పటి నుంచి జులేమాకి సూదిలో దారం ఎక్కడం లేదు. భర్త పోయిన ఇన్నేళ్లకి ఒకడి అడుగుల చప్పుడుకి గుండె దడదడలాడటమేమిటని తనని తనే తిట్టుకుంది.

మొదటి ట్రయల్‌లో కోటు కుడిచెయ్యి కాస్త పొడుగొచ్చింది. సుద్ద గీసి కత్తిరించింది. రెండోసారికి అది అరచేతి మీదికి జారింది. మళ్లీ తగ్గించింది. మూడోసారి అతని వేళ్లు కూడా కనపడలేదు.

"మళ్లీ పెరిగినట్టుందండీ," అన్నాడు రాడోమిర్, సంతోషం దాచుకోవడం చేతకాక.

"పెరక్కేం చేస్తుంది," అంది పక్కింట్లో రొట్టెలు కాల్చి అమ్మే నిన్ఫా, మాతే కషాయం గొట్టంతో పీలుస్తూ. "మా ఆయన మేజోళ్లు ఓ చలికాలం మోకాళ్లు దాటాయి. మంచి ఉన్నికి పౌరుషం ఎక్కువ. అది సరేగానీ జులేమా, కొలిచిన రోజు గాలుందా?"

"లేదక్కా."

"మరి ఒంగమన్నావా?"

జులేమా సుద్దముక్క కోసం వెతికింది. అది చేతిలోనే ఉంది. "మర్చిపోయాను."

"నువ్వా! ఎటు చూస్తున్నావే అప్పుడు?"

జులేమా చెవులు ఎర్రబడ్డాయి. రాడోమిర్ గబగబా అడ్డొచ్చాడు. "చంకలో కూడా కాస్త బిగుతుగా ఉందండీ." ఆ చంకలో పిల్లి కాపురం పెట్టొచ్చు. పాపం, అబద్ధమాడటం కూడా రాదు మనిషికి.

శనివారం జులేమా మనసు రాయి చేసుకుంది. పని సగంలో వదిలేయడం ఆమె ఒంటికి పడదు. కచ్చాకుట్లు పీకేసి, గుండీలు కుట్టి, మిగిలిన పొడుగుని పైకి మడిచి, కోటు తొడిగింది.

"వెచ్చగా వెళ్లి రండి," అంది.

అతను టోపీ పెట్టుకుని బయటపడ్డాడు.

గాలి అతణ్ణి ఎత్తుకెళ్లినంత పని చేసింది. ఎలాగో వీధి మూలకి చేరి ఎడమచేత్తో తాడు అందుకున్నాడు. అప్పుడు కుడివైపు మడతలు ఒక్కొక్కటే విచ్చుకుని, కోటు చెయ్యి వీధి పొడవునా వెనక్కి సాగింది. రొట్టెల కోసం వచ్చినవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

"తొక్కకండి, కొత్త కోటు!" అని కేకేసింది నిన్ఫా.

అది జులేమా గడప దగ్గరికొచ్చి ఆగింది. ఆమె కత్తెర తీసింది. కత్తిరిస్తే అతనికి పడవ అందుతుంది. కానీ ఉన్ని అంచు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. కత్తెర జేబులో పడేసి తన చెయ్యి లోపలికి పెట్టింది, మోచేతిదాకా, భుజందాకా. అక్కడ పిండి పిసికి గట్టిపడిన వేళ్లు ఆమె వేళ్లని దొరకబుచ్చుకున్నాయి.

"ఇంకో ట్రయల్ ఉంది, రండి!" అని అరిచింది గాలిలోకి.

"ఎన్నున్నా వస్తానండీ! కానీ నా పని?"

"నా పొయ్యి దగ్గరకి మనిషి కావాలని చలికాలం మొదట్నుంచీ మొత్తుకుంటున్నా," అంది నిన్ఫా. "వినేవాడేడీ?"

రాడోమిర్ తాడు వదిలేశాడు. అతను నడిచొస్తుంటే కోటు చెయ్యి తగ్గుతూ వచ్చింది. గడప చేరేసరికి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. పట్టుకున్న చేతులు రెండూ పట్టుకున్నట్టే వెలుతురులోకి వచ్చాయి. రేవులో పడవ కూత పెట్టింది.

జులేమా తలెత్తి చూసింది. టేపు లోపలెక్కడో ఉండిపోయింది.

"కాస్త ఒంగండి," అంది.

రాడోమిర్ ఒంగాడు.