బొంతలో బొంత

కొట్లో మనకు కావలసిన వస్తువు వైపు కన్నెత్తయినా చూడకుండా దాన్ని కొనుక్కుని బయటపడటం ఒక విద్య. రింగోల్డ్ కౌంటీ మొత్తం గాలించినా ఆ విద్యలో నన్ను మించినవాడు దొరకడు. నాకు కుర్చీ కావాలంటే పక్కనున్న దీపం ధర అడుగుతాను. దీపం కావాలంటే కుర్చీలో కూలబడి నడుంనొప్పి గురించి మాట్లాడతాను. చివరికి కొట్టువాడే విసిగి, నేను అడగనిదాన్ని నా చేతిలో పెట్టి సాగనంపుతాడు. ఈ విద్యను మా మౌంట్ ఎయిర్‌లో ఒక్కడికే నేర్పాను, మా పొరుగింటి లొవెల్ స్టకీకి. వాడి భార్య వర్లీన్‌కు కూడా నేర్పేవాణ్ణే గానీ, ఆవిడ చెబితే వినే రకం కాదు.

తొంభై ఎనిమిదిలో, అక్టోబరు నెల, ఒక మంగళవారం పొద్దున్నే వర్లీన్ వంటింట్లో ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. అవతల క్రెస్టన్ నుంచి వాళ్ల అక్క ఆర్డిత్. ఆవిడకు చెవుడు మొదలైంది కాబట్టి అవతలివాళ్లకు కూడా చెవుడన్నట్టు మాట్లాడుతుంది.

"అమ్మ కప్పుకునే గోధుమరంగు బొంత నీ దగ్గరే ఉంది కదే?"

"ఆ బరువుదా? గరాజులో ఎక్కడో పడుంది. ఏం?"

"ఆదివారం వచ్చేటప్పుడు పట్రా. దాని నడిమధ్య ఇంకో బొంత ఉంది. చిన్నది. ఎవరెట్‌ది. వాడి పేరు కూడా ఉంటుంది దాని మీద."

ఎవరెట్ ఆవిడకంటే నాలుగేళ్లు ముందు పుట్టిన అన్న. పదకొండు వారాలు బతికాడు. ఫోటో లేదు. పొలం పక్క శ్మశానంలో పెట్టిన చెక్క పలక ఎప్పుడో పుచ్చి నేలలో కలిసిపోయింది. ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు కాదు.

"ఆ చలికాలం అమ్మ వాడి బొంతను పెద్ద బొంత మధ్యలో దూది బదులు పరిచేసింది" అంది ఆర్డిత్. "పైన నాన్న పాత కోట్లు, ప్యాంట్లు కత్తిరించి కుట్టేసింది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేనే. ఎవరితోనూ అనొద్దంది. డెబ్భై నాలుగేళ్లొచ్చాయి నాకు, ఇంకెన్నాళ్లు దాస్తాను."

వర్లీన్‌కు చటుక్కున గుర్తొచ్చింది. ఆ బొంత మధ్యలో ఒక మందమైన చోటు ఉండేది. కప్పుకుంటే సరిగ్గా గుండెల మీదకు వచ్చేది. వెచ్చగా ఉంటుందని చిన్నప్పుడు దానికోసం కొట్లాడుకునేవాళ్లు. అమ్మ నలభై ఏళ్లు దాని కింద పడుకుంది.

ఫోను పెట్టి వెనక్కి తిరిగింది. లొవెల్ ఓట్స్ జావ తింటున్నాడు.

"గరాజులో బొంత ఏదయ్యా?"

చెంచా నోటికీ గిన్నెకూ మధ్య ఆగిపోయింది. శనివారం పాత సామాన్లు కొనే మనిషి ఎవరో వస్తే, గరాజులో మూలుగుతున్న జాలీ తలుపుల అలమరా అమ్మేశాడు లొవెల్. బండిలో గీతలు పడకుండా ఆ బొంత చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చాడు. "ఉంచుకోవయ్యా" అని కూడా అన్నాడు.

"ఆ మనిషి పేరు?"

"అడగలేదే. బండి తలుపు మీద కోడిపుంజు బొమ్మ ఉంది."

"పేరు అడగలేదు, కోడిని మాత్రం చూశావు."

"పెద్ద కోడి వర్లీన్" అన్నాడు లొవెల్, అదేదో తన తరఫు సాక్ష్యమన్నట్టు.

రెండో నంబరు రోడ్డు మీద తూర్పుగా బయల్దేరారు. ఆ రోడ్డు పొడుగునా ప్రతి ఊళ్లోనూ ఒక పాత సామాన్ల కొట్టు, ఒక బొంత గుడ్డల కొట్టు ఉంటాయి. లియాన్‌లో మొదటిదాని ముందు బండి ఆపించింది వర్లీన్. లోపల కొట్టావిడ ఎవరికో పూల గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర అంచు చివరిదాకా పోయేంతవరకు తల ఎత్తలేదు. గుడ్డ కోసేటప్పుడు పలకరించకూడదని తెలిసిన వర్లీన్ కూడా ఊపిరి బిగబట్టి నిలబడింది.

"కోడిపుంజు బండా? పోగ్‌ది" అంది ఆవిడ చివరికి. "కోరిడాన్‌లో, కోర్టు ఎదురుగా కొట్టు. ఏం పోయింది?"

"బొంత."

"బాగున్నదా, చీకిపోయిందా?"

"మూలలు చీకిపోయాయి."

కొట్టావిడ కత్తెర కింద పెట్టింది. "అయితే కోత చీటీ కట్టేసి ఉంటాడు. పాడైన బొంతలు కోతకు పోతాయి తల్లీ. ఎలుగుబంటి బొమ్మలు కుట్టేవాళ్లు వచ్చి పట్టుకుపోతారు. మంగళవారం మంగళవారం వస్తారు."

ఇవాళ ఏం వారమని వర్లీన్ అడగలేదు. లొవెల్ అడగబోయాడు గానీ ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

లియాన్ దాటిన మూడో మైలులో ముందు మొక్కజొన్న కోత యంత్రం తగిలింది. రోడ్డంతా అదే. వెనక నుంచి చూస్తే ఇల్లు నడిచి పోతున్నట్టుంది. లొవెల్ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి దాన్ని నడిపేవాడికి నమస్కారం పెట్టాడు.

"వాడికి వీపు మీద కళ్లున్నాయా, వేలు చూపిస్తున్నావు?"

"అలవాటే."

"హారను కొట్టు."

"పంట కాలంలో హారను కొడతారా ఎవరైనా?"

నాలుగు మైళ్లు ఆ ఇంటి వెనకే పోయారు. వర్లీన్ ఒళ్లో చేతిసంచి పట్టీ మెలిపెడుతూ, ఎక్కడో ఎవరో కత్తెరకు పదును పెడుతున్న చప్పుడు వింటున్నట్టు కూర్చుంది.

కోరిడాన్‌లో పోగ్ కొట్టు ముందు దిగగానే లొవెల్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"మనకి బొంత కావాలని తెలిసిందా, ఇక దాన్ని లోపల దాచేస్తాడు. నువ్వు నోరెత్తకు. నన్ను మాట్లాడనీ."

"నేరుగా అడిగితే ఏమయ్యా?"

"నేరుగా ఎవరూ అడగరే."

ఆవిడకు నచ్చలేదు. కానీ ఆ కొట్లలో నేరుగా ఎవరూ అడగని మాట నిజమే. సరేనంది. లొవెల్ లోపలికి పోయి వెన్న చిలికే పాత చెక్క పీపా ముందు చతికిలబడ్డాడు. పోగ్ బక్కపలచటి మనిషి, నోట్లో పుల్ల. ఇద్దరూ ఆ పీపా పట్టీల గురించి, కవ్వం గురించి, రేపటి వాన గురించి మాట్లాడుకుంటున్నారు. వర్లీన్ వరసల మధ్య తిరుగుతూ గోధుమరంగు కోసం వెతుకుతోంది. ఒక పొడుగాటి ఆవిడ, ఆకుపచ్చ కోటు, చేతుల నిండా మూట పట్టుకుని ద్వారం దగ్గరికి వచ్చింది. మూట పైకి కనిపిస్తున్నది దాణా సంచులకు వాడే అచ్చు గుడ్డ, చిన్న చిన్న ఊదాపూలు. లొవెల్ లేచి వెళ్లి తలుపు తెరిచి పట్టుకున్నాడు. టోపీ కూడా తీశాడు. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

మరో పావుగంటకు వర్లీన్ ఇక ఆగలేక అడిగేసింది. "శనివారం మా అలమరాకు చుట్టిన బొంత ఏది?"

పోగ్ నోట్లో పుల్ల ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాడు. "ఆ బరువుదా? మీ ఆయన తలుపు పట్టుకున్నాడు కదండీ, ఆవిడ చేతిలో ఉన్నది అదే. అడుగువైపు పైకి తిప్పి మడత పెట్టాం."

ఇక్కడ నా విద్య సంగతి కాస్త చెప్పేయాలి. దాంతో నా జీవితంలో నేను కొన్నది ఒకే ఒక్కటి, అడుగు లేని వెన్న పీపా. దాన్ని కొనాలని నాకు కోరికే లేదు. కావలసిన దీపం ఎవరో పట్టుకుపోయారు. నా శిష్యుడు కూడా గురువు పేరు నిలబెట్టాడు. వర్లీన్ కారు దగ్గరికి పరుగెత్తి వెనక్కి చూసేసరికి పీపాను చంకలో ఇరికించుకుని వస్తున్నాడు.

"దాన్ని అక్కడే పెట్టి రా" అంది వర్లీన్. గట్టిగా కూడా అనలేదు.

పట్టుకుపోయినావిడ పేరు ట్విలా మార్ష్. బ్లూమ్‌ఫీల్డ్ ఊరి చివర, మూతపడ్డ పెట్రోలు బంకులో ఎలుగుబంట్లు కుడుతుంది. యాభై మైళ్లు. పోగ్ దగ్గర ఆవిడ ఫోను నంబరు లేదు.

సెంటర్‌విల్ వచ్చింది, పోయింది.

"నన్ను తిట్టవే" అన్నాడు లొవెల్.

"తిడితే బండి నెమ్మదిస్తావు."

బ్లూమ్‌ఫీల్డ్ ముందు మిట్ట మీద మోటారు బండి ముట్టని ఆమిష్ వాళ్ల గుర్రబ్బండి అడ్డం తగిలింది. మిట్ట మీద దాటడానికి లేదు. గుర్రం తీరిగ్గా నడుస్తోంది. ఈసారి లొవెల్ వేలు లేపలేదు.

బంకు కిటికీలో కళ్లు కుట్టని ఎలుగుబంట్లు వరసగా కూర్చుని ఉన్నాయి. అద్దంలోంచి బల్ల కనబడింది. బల్ల మీద బొంత పరిచి ఉంది, ఈసారి గోధుమరంగు వైపు పైకి. తలవైపు ఒక పట్టీ, కాళ్లవైపు ఒక పట్టీ అప్పటికే కత్తెరకు పోయాయి. మిగిలిన నడిమి భాగమంతా సుద్దతో గీతలు, చెవులు, చేతులు, బొజ్జలు. ట్విలా చేతిలో పెద్ద కత్తెర నోరు తెరిచి ఉంది. ఆ మందమైన చోటికి ఇక అంగుళం దూరం. వర్లీన్ అరచేత్తో అద్దం మీద బాదింది. కత్తెర ఆగింది.

లోపలికి అడుగు పెడుతూనే లొవెల్ మొదలెట్టాడు. "ఎలుగుబంట్లు బాగున్నాయండీ, మా మనవరాలికి ఒకటి..."

"నువ్వు ఊరుకో" అంది వర్లీన్. ఆవిడ ట్విలాకు ఉన్నదున్నట్టు చెప్పింది. అలమరా, ఫోను, అన్న, అమ్మ, నలభై ఏళ్లు. చెబుతున్నంతసేపూ ఆ కత్తెరనే చూస్తోంది.

ట్విలా గొలుసుకు వేలాడే కళ్లజోడు పెట్టుకుని ఇద్దర్నీ పరికించింది.

"పోగ్ పంపాడా మిమ్మల్ని?"

"లేదు."

"పోయిన నెల ఒకాయన్ని పంపాడు. ఇలాగే. వాళ్ల తాత బొంతట, ఇక్కడే కూర్చుని ఏడ్చాడు. జాలిపడి ఇచ్చాను. వారం తిరక్కుండా పోగ్ కొట్లో గోడకు వేలాడుతోంది, పాతకాలపు అరుదైన సరుకని చీటీతో. ఆ ఏడుపు కూడా బాగా ఏడ్చాడమ్మా, మీకంటే."

"నేను ఏడవడం లేదు."

"అదే చూస్తున్నా." ట్విలా చెయ్యి చాచి బొంత మధ్యలో నొక్కింది. వేళ్లు కాసేపు అక్కడే కదిలాయి. "ఇక్కడ గట్టిగా ఉన్న మాట నిజమే. ముద్దకట్టిన దూది అనుకున్నా. సరే. లోపల ఏముందో ముందే చెప్పండి. విప్పుతాను. మీరు చెప్పింది ఉంటే తీసుకుపోండి. లేకపోతే ఆ తలుపులోంచి బయటికి నడవండి, నా పని నన్ను చేసుకోనివ్వండి."

ఏడేళ్లప్పుడు అక్క అరవై ఏడేళ్ల కింద చూసిన మాట. వర్లీన్ దగ్గర ఉన్నది అంతే.

"చిన్నపిల్లాడి బొంత. దాని మీద పేరు ఉంటుంది. ఎవరెట్."

"పేరు ఎలా రాస్తారు?"

"ఇ, వి, ఇ, ఆర్, ఇ, టి, టి. అందరూ రాసేటట్టే."

పెద్ద బొంత పొరల్ని అక్కడక్కడా ఎర్ర ఉన్ని దారంతో ముడులు వేసి నిలిపింది అమ్మ. ట్విలా వాటిని ఒక్కొక్కటే చిన్న కత్తితో తెంపుతోంది. తెగిన ప్రతి ముడికీ వర్లీన్ భుజం ఉలిక్కిపడుతోంది. లొవెల్ టోపీ రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ప్యాంటు గుడ్డ వెనక్కి మడిచారు. కింద పలచటి పచ్చబారిన దూది. దూది తొలగిస్తే తెలుపు. తెలుపు మీద నీలం ముక్కలు. చిన్న బొంత, బల్లమీద వార్తాపత్రిక పరిచినంత.

ట్విలా గట్టిగా ఊపిరి వదిలింది. వంగి మధ్య గడిలోకి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తేసరికి మొహం బిగుసుకుంది.

"ఇక్కడ అలా లేదు."

నీలం దారంతో నాలుగు అక్షరాలు కుట్టి ఉన్నాయి, ఇ, వి, ఇ, ఆర్. ఆ తర్వాత దారం లేదు. వెలిసిపోయిన పెన్సిలు గీతలు రెండే. ఒక ఐ, ఒక టి.

"సొంత బిడ్డ పేరు తప్పు రాసే తల్లి ఉంటుందా?" అంది ట్విలా. "ఎవరిదో పేరు, ఏదో బొంత. లోపల ఇంకోటి ఉందని పోగ్ చెయ్యిపెట్టి కనిపెట్టి ఉంటాడు. మిగతాది మీరు అల్లారు."

వర్లీన్‌కు అమ్మ చేతిరాత ఎన్నడూ చూసినట్టు గుర్తులేదు. లొవెల్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"మా అక్కను అడగండి. నంబరు చెబుతాను. నేను మాట్లాడను. మీరే అడగండి."

ట్విలా ఫోను తిప్పింది. అవతల గొంతు గదంతా వినపడింది.

"ఎవరూ? ఎలుగుబంట్లా? నాకేం వద్దమ్మా, ఇల్లు నిండిపోయింది."

ట్విలా రెండోసారి చెప్పింది. బొంత విప్పిన మాట చెప్పింది. పేరు ఎలా రాస్తారో చెప్పమని అడిగింది.

"సరిగ్గా రాసేదా, బొంత మీద ఉన్నదా?" అంది ఆర్డిత్.

ట్విలా చేతిలో ఫోను చెవికి ఇంకాస్త దగ్గరైంది. "బొంత మీద ఉన్నది."

"ఇ, వి, ఇ, ఆర్, ఐ, టి. ఒక్కటే టి. అమ్మ బొహీమియా నుంచి వచ్చిన పిల్ల. ఇంగ్లీషు మాట్లాడేది గానీ రాయడం రాదు. నువ్వు బడికి పోతున్నావుగా, నువ్వు రాయి, నేను దాని మీద కుడతానంది. ఒకటో తరగతి నాది. నాకు తెలిసినట్టు రాశాను. నాలుగు అక్షరాలయ్యాయి. తర్వాత వాడికి జ్వరం వచ్చింది."

ట్విలా ఫోను వర్లీన్ చేతికిచ్చింది. కత్తెర తీసి సొరుగులో పెట్టి సొరుగు మూసింది. తర్వాత మెత్తటి బ్రష్షు తీసుకుని బొంత మీద సుద్ద గీతలు దులపసాగింది, ఒక చెవి, ఒక బొజ్జ.

"వర్లీన్, పెన్సిలు ఇంకా కనపడుతోందా?" అంది ఆర్డిత్.

"కనపడుతోందక్కా."

"దిద్దకే దాన్ని."

"దిద్దను."

"మిగతాది కుట్టకు కూడా."

"కుట్టను."

"ఆదివారం దాకా ఆగలేను. ఇప్పుడే రండి."

అటే క్రెస్టన్ వెళ్లారు. బయల్దేరేముందు ట్విలా అప్పటికే కోసిన నాలుగు ఎలుగుబంటి కాళ్లను కూడా మడిచి వర్లీన్ చేతిలో పెట్టింది, నాన్న ప్యాంటు గుడ్డ కదా అని.

ఇదంతా లొవెల్ నాకు చెప్పినట్టే చెప్పాను, ఒక్క కత్తెర సంగతి తప్ప. అంగుళం దూరంలో నోరు తెరుచుకుని ఉందన్నది నేను కల్పించిందే. వాళ్లు వెళ్లేసరికి ట్విలా కిటికీ పక్కన కూర్చుని గుడ్డు సాండ్‌విచ్ తింటోంది, కత్తెర గోడమీద మేకుకు వేలాడుతోంది. పాపం, మనుషుల్ని నూటపది మైళ్లు పరుగెత్తించి చివరికి సాండ్‌విచ్ చూపించడానికి నాకే మనసొప్పలేదు.