పిలిచిన పేరంటం

జీడిమెట్ల పక్క బస్తీల్లో బీటు తిరిగినన్నాళ్ళూ హెడ్ కానిస్టేబుల్ సీతాబాయికి ఇంట్లో టీ పెట్టుకునే పని పడలేదు. ఏ గల్లీలో అడుగుపెట్టినా "సీతక్కా, జర కూసో" అంటూ ఒక పీట, ఒక చాయ్. కోకాపేట టవర్లకు బదిలీ అయ్యాక ఆ పీటా పోయింది, ఆ చాయ్ కూడా పోయింది. భర్తకు మంచిర్యాలలో బొగ్గుగని ఉద్యోగం, కొడుకు హాస్టల్లో. కిరాయి గదిలో టీవీ పెట్టుకుని తినడం, టీవీ ఆపేసి పడుకోవడం. పొద్దస్తమానం జనంలో తిరిగే ఉద్యోగం చేస్తూ మనిషికి మొహం వాచిపోయింది పాపం.

టవర్ల వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మర్యాదకు మారుపేరు. క్లబ్‌హౌస్‌లో మీటింగు పెడితే ఏసీ వేసి, నీళ్ళ సీసా చేతికిచ్చి, చెప్పిందంతా బుద్ధిగా విన్నారు. సీతాబాయి ముఖ్యంగా రెండు మాటలు చెప్పింది. కార్డు లేనివాళ్ళను మీ వెంట లిఫ్టు ఎక్కించుకోవద్దు. కొత్త మనిషి కనబడితే మీరు పోయి అడగొద్దు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, నేను చూసుకుంటాను. బస్తీలో ఇలాంటి పాఠం అక్కర్లేదు. అక్కడ కొత్త మొహం కనబడితే చాలు, నలుగురు ముసలమ్మలు చుట్టుముట్టి "ఎవలింటికి బిడ్డా?" అని ఏడు తరాల కూపీ లాగేస్తారు.

ఒకరోజు ఆ టవర్లలోనే ఉండే జయంతి కూతురు వర్షిత కనబడలేదు. అమ్మ మీద అలిగి సెల్లార్లో కారు వెనక నక్కిన పిల్లను సీతాబాయే వెతికి పట్టుకుంది. కాకినాడ నుంచి వచ్చి ఐటీలో ఉద్యోగం చేసుకుంటున్న జయంతి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"మీరు మా ఇంటి ఆడపడుచు లాంటివారండీ. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకుంటున్నాం, పేరంటానికి తప్పకుండా రావాలి. యూనిఫాంలో కాదండోయ్, పట్టుచీర కట్టుకుని రండి!"

"వస్త మేడం, పక్కా వస్త," అంది సీతాబాయి.

ఆ మాటతో ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఈ అద్దాల ఊళ్ళో తన కాళ్ళకు పసుపు రాసే ఇల్లు ఒకటి దొరికింది! బతిమాలి సెలవు పెట్టింది. పెట్టె అడుగున ఉన్న పెళ్ళినాటి పట్టుచీర తీసింది, జడలో మల్లెపూలు పెట్టుకుంది, అరటిపళ్ళు కొనుక్కుంది. సాయంత్రం పేరంటాళ్ళ గుంపుతో పాటే గేటు దాటింది. పళ్ళ సంచీ సర్దుకునేలోపు ఆ గుంపు లిఫ్టెక్కి వెళ్ళిపోయింది. కార్డు లేనిదే లిఫ్టు కదలదు.

తర్వాత వచ్చిన ఒకావిడను అడిగింది. "మేడం, నన్ను గూడ జర పైకి తీస్కపోరా?"

"సారీ అండీ. కార్డు లేనివాళ్ళని ఎక్కించుకోవద్దని పోలీసువాళ్ళు చెప్పారు."

సీతాబాయికి నవ్వొచ్చింది. చెప్పిన పాఠం బాగానే ఒంటబట్టింది! ఆ పోలీసు తానేనని చెప్పడానికి సిగ్గేసింది. జయంతికి ఫోన్ చేద్దామనుకుంది గానీ, పూజలో ఉన్న మనిషిని కదిలించడం దేనికి, ఎవరినో సాగనంపడానికి ఆమే కిందికి రాకపోతుందా అనుకుని పిల్లల పార్కు పక్కన బెంచీ మీద కూర్చుంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. ఒక్కరు పలకరిస్తే ఒట్టు.

ఫోన్ మోగింది. గ్రూపులో ఫొటో, పై బాల్కనీ నుంచి తీసింది. పార్కు, బెంచీ, దాని మీద పట్టుచీరలో ఒక మనిషి.

"పిల్లల దగ్గర చాలాసేపటి నుంచి కూర్చుంది. ఎవరింట్లో పనిమనిషైనా అయితే చెప్పండి ప్లీజ్."

"మా మనిషి కాదు."

"చేతిలో సంచీ ఉంది, జాగ్రత్త."

చుట్టూ చూసింది. తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల చేతులు పట్టుకుని లాక్కుపోతున్నారు. ఎవరూ ఆమె మొహం కేసి చూడలేదు. ఆఖరున జయంతి రాసింది.

"మా పేరంటానికి వచ్చారేమో అనుకున్నాను. జూమ్ చేసి చూశాను, ఈవిడెవరో నాకు తెలీదండీ. సీతాబాయి గారూ, ఒకసారి చూస్తారా?"

తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే కాబోలు. "నేనే మేడం" అని కొట్టింది. పంపలేదు. ఒక్కసారి తలెత్తి పై అంతస్తుల వైపు చూసింది. ఇప్పుడు నేనేనంటే పరుగున దిగి వస్తారు, అయ్యో అంటారు, తీసుకెళ్ళి కూర్చోబెట్టి పసుపు కూడా రాస్తారు. కానీ ఆ రాసే చెయ్యి సిగ్గుతో రాస్తుంది. అలాంటి పసుపు ఆమెకు వద్దనిపించింది. రాసింది చెరిపేసి మళ్ళీ కొట్టింది.

"చూసిన మేడం. ఫికర్ చేయకుండ్రి. మంచి మనిషే. పంపిస్తున్న."

దండాలు, బొటనవేళ్ళు వరసగా వచ్చాయి. సీతాబాయి అరటిపళ్ళ సంచీ తీసుకుని గేటు వైపు నడిచింది. రోడ్డు మీదికొచ్చాక జయంతి మెసేజ్ వచ్చింది, ఈసారి గ్రూపులో కాదు, విడిగా.

"థాంక్యూ అండీ. డ్యూటీలోనే ఉన్నారన్నమాట. మీకోసం గుమ్మం కేసి చూస్తూనే ఉన్నాను, మీ వాయనం తీసి పక్కన పెట్టాను. రాలేదేంటండీ?"

పక్కనుంచి కార్లు రొద చేసుకుంటూ పోతున్నాయి. సీతాబాయి పళ్ళ సంచీ ఎడమ చేతికి మార్చుకుంది.

"సెలవు దొరకలే మేడం," అని రాసింది.