పాత కార్డు మీద కొత్త పేర్లు

మంగళవారం నుంచి మా ఆవిడ పేరు ముందు కీ.శే. ఉంటోంది. గ్యాసు పుస్తకం మీద, ఇస్త్రీ బట్టల చీటీ మీద, స్టీలు గిన్నెలకి చెక్కించిన పేరు ముందు కూడా. ఆమె బతికే ఉంది. వంటింట్లో గోంగూర వలుస్తోంది.

తప్పు నాదే. నరసరావుపేటలో ఇరవై రెండేళ్ళుగా శుభలేఖలు కంపోజు చేస్తున్నాను. ఈ పనిలో ఎవడూ కార్డు మొదటినుంచి కొట్టడు. పాత కార్డు తెరిచి, పేర్ల మీద పేర్లు కొట్టేస్తాడు. మంగళవారం మా గృహప్రవేశం కార్డూ అలాగే చేశాను. ఆ పాత కార్డులో ఇంటావిడ కాలం చేసింది. ఆమె పేరు తీసి సువర్చల అని కొట్టాను గానీ, ముందున్న కీ.శే. తియ్యడం మర్చిపోయాను. ఊరందరి పేర్లూ పొల్లుపోకుండా వేసే మొనగాణ్ణి, సొంత పెళ్ళాం దగ్గర బోర్లాపడ్డాను.

తీసేస్తే పోతోంది. సేవ్ కొట్టగానే మళ్ళీ వస్తోంది.

రోజూ తెల్లారేసరికి సువర్చల మెడలో బంతిపూల దండ ఉంటోంది. దాన్ని తీసి దండెం మీద వేసి స్టవ్ వెలిగిస్తుంది. బుధవారం ఆమె ఎడమపక్కన సన్నటి చెక్క పట్టీ మొలిచింది. గురువారం కుడిపక్కన. శుక్రవారం తల మీద. ఇక కింది పట్టీ ఒక్కటే మిగిలింది. అదీ వస్తే పటం పూర్తవుతుంది. పప్పు వడ్డిస్తుంటే ఆమె చెయ్యి తగిలితే గాజు పలకలా చల్లగా ఉంటోంది.

"నేను పటంలో దూరి కూచుంటే అంట్లెవరు తోముతారండీ?" అంటుంది.

నవ్వుతాను గానీ నాకు భయంగా ఉంది.

శనివారం పొద్దున ఖాజా గారు షాపుకి వస్తారు. ఊళ్ళో కంప్యూటర్లన్నిటికీ ఆయనే వైద్యుడు, నాకంటే పెద్దాయన. సీపీయూ మూత తీసి లోపలికి ఉఫ్‌మని ఊది, "ఈ కీ.శే. బాగా పాకిపోయింది పురుషోత్తం గారూ. ఫార్మాట్ కొట్టాల్సిందే," అంటారు.

"మరి అన్నీ పోతాయిగా?"

"బ్యాకప్ ఉందన్నారుగా. మళ్ళీ ఎక్కిద్దాం."

ఫార్మాట్ అరవై శాతం దగ్గర బజార్లో బోర్డుల మీది అక్షరాలు రాలిపడతాయి. రోడ్డు ఊడ్చే ఆవిడ వాటిని చీపురుతో ఓ పక్కకి తోస్తుంది. తొంభై దగ్గర షాపు గోడలు కొత్తగా సున్నం కొట్టినట్టవుతాయి. వంద కాగానే ఇంటికి పరిగెడతాను.

పట్టీలు లేవు. దండ లేదు. సువర్చల గుమ్మంలో నిండుగా నిలబడి ఉంది. పట్టుకుంటే చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె ఆ చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

"ఎవరు కావాలండీ?"

కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టి, దూరంగా నిలబడుతుంది. అక్కణ్ణించే అడుగుతుంది: "మీకు తెలిసి, నాకెవరైనా ఉన్నారాండీ?"

ఉన్నారమ్మా అని చెప్పి, ఆ అరుగు మీదే కూచుంటే సరిపోయేది. ఆమె బతికుండేది. నా బుద్ధి గడ్డి తిని, ఆమె నన్ను గుర్తుపట్టాలని షాపుకి తిరిగొస్తాను.

"మంగళవారానికి ముందు బ్యాకప్ ఇవ్వండి," అంటారు ఖాజా గారు.

దేవుడి గూట్లో బొట్టు పెట్టి దాచిన పెన్‌డ్రైవ్ ఇస్తాను. అందులో ఒక్కటే బ్యాకప్ ఉంది, నిన్నటిది. రోజూ పాతదాని మీదే కొత్తది కొట్టేస్తాను, అలవాటు.

ఆయన తల పట్టుకుంటారు. "నల్లుల మంచం వీధిలో పెట్టి, ఇల్లంతా కడుక్కుని, మళ్ళీ ఆ మంచమే లోపల వేసుకున్నట్టవుద్ది. ఆలోచించుకోండి."

"ఎక్కించండి," అంటాను.

ఇంటికెళ్ళేసరికి సువర్చల మొహం విప్పారుతుంది. "ఇంతసేపా? అన్నం చల్లారిపోయింది," అంటూండగానే మూడు పట్టీలూ తిరిగొచ్చి, కింది పట్టీ కూడా కలిసి నాలుగు మూలలూ బిగుసుకుంటాయి. నన్ను గుర్తుపట్టింది. నాకు కావలసింది అదేగా.

పటాన్ని చంకలో పెట్టుకుని షాపుకి తెచ్చి, కంప్యూటర్ ఎదుటి గోడకి తగిలిస్తాను. గృహప్రవేశం కార్డు తెరిచి నా పేరు ముందు కూడా కీ.శే. కొడతాను. ఆమె లేని ఇంట్లో నేనొక్కణ్ణే ఏం చెయ్యను. సేవ్ కొట్టగానే అది పోయి, అక్కడ చి. వచ్చి కూచుంటుంది. చిరంజీవి అని, పెళ్ళికొడుకులకీ పిల్లలకీ వేసేది. మళ్ళీ కొడతాను. మళ్ళీ చి.

పదోసారికి మీసం రాలి కీబోర్డు మీద పడుతుంది. చొక్కా మోకాళ్ళు దాటి జారుతుంది. స్టూలు మీంచి నా పాదాలు నేలకి అందడం లేదు.

ఖాజా గారు నా నెత్తిన చెయ్యి వేసి అడుగుతారు: "మీవాళ్ళెవరు బాబూ?"

పటం వైపు వేలు చూపిస్తాను.

"కాళ్ళు ఊపకు నాన్నా, పడతావు," అంటుంది సువర్చల గాజు వెనకనుంచి. పెళ్ళయ్యాక ఆమె నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. పటం మీది దండ పెరిగి పెరిగి గోడ వెంట కిందికి దిగుతోంది. దాని కొస చేతికి చుట్టుకుని, ఇంటికెళ్దామని ఏడుస్తున్నాను.