పళ్లెం తోసే కర్ర

రోజూ పొద్దున్నే మేనత్త చెక్క పళ్లెంలో అన్నం పెట్టి, పొడుగాటి కర్రతో గది గుమ్మంలోంచి లోపలికి తోసేది. ఆ గదిలో ఒక్క మేకు లేదు. గడియ కూడా చెక్కదే. లోపలున్న మేనకోడలు ముట్టుకుంటే చాలు, ఇనుము తుప్పుపట్టి పొడిపొడిగా రాలిపోతుంది. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు ఈ పిల్లకి అదొకటి.

అంతవరకే అయితే ఎలాగో సర్దుకుపోయేవాళ్లు. ఓ డాక్టరు మాటవరసకి, “మనిషి రక్తంలోనూ ఇనుముంటుంది,” అనేసి పోయాడు. ఇంకేముంది, అధికారులు పసిపిల్లని గదిలో పెట్టి కాపలా వేశారు. ఇప్పుడు ఎదిగిన పిల్ల. ఇన్నేళ్లలో ఒక్కరూ ఆమె మీద చెయ్యి వెయ్యలేదు. మేనత్తకి ప్రాణమంతా ఈ తల్లిలేని పిల్లే, అయినా కర్ర వదల్లేదు. భయం అలాంటిది.

ఓ రోజు ఆఫీసర్ వచ్చాడు. పల్లపు వీధివాళ్లు ఎదురు తిరిగారట.

“వాళ్లకున్నది ఒకటే బోరింగు. దాని మీద చెయ్యి వేస్తే చాలు. ఇక నీకు గదీ లేదు, కాపలా లేదు.”

“బయట తిరగొచ్చా?” అంది పిల్ల.

“నీ ఇష్టం.”

పిల్ల మొహం వెలిగింది. మేనత్త అలవాటుగా కర్ర పట్టుకుని వెంట నడిచింది.

బోరింగు చుట్టూ బిందెలతో ఆడవాళ్లు, వాళ్ల చుట్టూ తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లు. పిల్ల చెయ్యి చాచి ఆగిపోయింది.

“అత్తా, వీళ్లకి నీళ్లెలా మరి?”

“ఇంకెక్కడా లేవు తల్లీ.”

“మరి నేనెప్పుడు బయటికి రావాలి?”

మేనత్త కర్ర పారేసి, పోతే పోయానని ఆ చెయ్యి పట్టేసుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఏమీ కాలేదు. చెయ్యి వెచ్చగా ఉంది, అరచేతిలో కాస్త చెమట, అంతే.

“ఇన్నాళ్లూ ఎంత పని చేశానే నా తల్లీ,” అని భోరుమంది.

“సొంత రక్తం కదా, అందుకే ఆవిడకేం కాలేదు,” అన్నాడో కాపలావాడు. మేనత్త ఆ మాటని అలాగే ఉండనిచ్చింది.

పిల్ల ఆ చెయ్యి వదలకుండా, రెండో చెయ్యి చాచి కాపలావాళ్లవైపు నడిచింది. వాళ్లు తుపాకులు కింద పడేసి వెనక్కి పరిగెత్తారు. ఆఫీసర్ అందరికంటే ముందున్నాడు. పిల్ల వంగి తుపాకులన్నీ వరసగా ముట్టుకుంది. ఆఖరున వాళ్లొచ్చిన జీపుని కూడా. వెనకాల ఆడవాళ్లు బోరింగు కొట్టుకోవడం మొదలుపెట్టారు.

కర్ర అక్కడే పడి ఉంది, దాని కోసం ఎవరూ వెనక్కి వెళ్లలేదు. ఇంటికొచ్చాక మేనత్త అన్నం కలిపి, తన చేత్తోనే ముద్దలు పెట్టింది. కడుపు నిండాక కూడా పిల్ల నోరు తెరుస్తూనే ఉంది.