గంటస్తంభం లేని పటం

పటాలాయన చేతికి ఎంత ఓపికో, నోటికి అంత తొందర. అలాంటి మనిషి ఆ ఉదయం నోరు కట్టేసుకుని నడవాల్సి వచ్చింది.

నది ఒడ్డున ఉన్న పాత ఊరిని చూడటానికొచ్చేవాళ్లు ఎవరి సాయమూ లేకుండా, పటం చేతబట్టుకుని పాత కట్టడాలన్నీ తిరిగి చూడాలని పురపాలక సంఘంవారు ముచ్చటపడ్డారు. పటాలు గీసే ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయనకు ఆ పటం పని అప్పజెప్పారు. అచ్చుకు పంపేముందు ఏ పటాన్నైనా నడిపించి చూడటం ఆయనకు ఉద్యోగంనాటి అలవాటు. పటం ఇంకొకరి చేతికిచ్చి, గీసినవాడు వెనకాల నడవాలి. వాళ్లు దారి తప్పినా సరే, పెదవి విప్పకూడదు. వాళ్లు ఏమీ అడగకుండా తిరిగొస్తే పటం పాసైనట్టు.

ఈసారి పటం పట్టుకున్నది ఆయన భార్య. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ గుమ్మం దాటడమే మానేసింది. నడవమ్మా అని డాక్టరు మొత్తుకుంటుంటే, రేపు చూద్దాంలెండి అనేది. పటం పని అనేసరికి కాదనలేకపోయింది. నిజానికి ఆయనకు పటం ఒక వంక. ఆవిడను మళ్ళీ వీధిలో చూడకపోతే ఆయన ప్రాణం కుదుటపడేలా లేదు.

మొదటిది సుంకాల కచేరి. తలుపు నిండా చెక్కిన చేపలు. ఆ చేపలు చెక్కినవాడి సంగతి చెప్పబోయి ఆయన నోరు తెరిచాడు.

"పటానికి నోరుందా?" అంది ఆవిడ.

"లేదు."

"మరి మీకెందుకు?"

ఆయన బుద్ధిగా మూసుకున్నాడు. తర్వాత నూలు గిడ్డంగి, ఆ తర్వాత ఒక పక్కకు ఒరిగిన మేడతో పడవవాళ్ల సత్రం. ప్రతిచోటా ఎదురుగా ఒక బెంచీ.

"ఈ ఊరివాళ్లకి కూర్చోవడం తప్ప వేరే పని ఉండేది కాదేమో!" అంటూ మూడో బెంచీ మీద కూడా కూర్చుంది. ఎన్నాళ్లకో ఆవిడ నవ్వితే ఆయన కడుపు నిండిపోయింది.

ఎత్తుమీదికి పోయే సందు దగ్గర ఆవిడ ఆగింది. పైన గంటస్తంభం కనిపిస్తూనే ఉంది. పటంలో దారి మాత్రం అటు చూడకుండా చాకిరేవు వైపు తిరిగిపోయింది. ఆవిడ పటాన్ని ముందూ వెనకా తిప్పింది.

"ఏమండీ, గంటస్తంభం ఏదీ?"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"అడిగేశాను కదా, మీ పటం ఫెయిలైంది. ఇక చెప్పండి."

"అదేం పెద్ద విశేషం కాదులే."

"ఊరంతా దాన్ని చూసి గడియారాలు సరిచేసుకుంటుంటే విశేషం కాదా?" ఆవిడ పటంలో గీత వెంబడి వేలు పోనిచ్చింది. బెంచీ ఉన్నచోటల్లా ఒక కట్టడం. మెట్టో ఎత్తో రాగానే గీత పక్కకు తప్పుకుంది. "నా మోకాలి కోసం ఊరి దారినే వంచేశారా?"

ఆయన దొరికిపోయిన దొంగలా నేల చూపులు చూశాడు. "ఎక్కలేవేమోనని..."

"ఎక్కలేనని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. రోజూ."

ఆవిడకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఈ పిచ్చి మనిషి మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది. పటం ఆయన చేతిలో పెట్టి సందులోకి నడిచింది.

"మెల్లగా..."

"నోరు!"

సగం దూరంలో ఎవరిదో అరుగు మీద కూలబడింది. మోకాలు సలుపుతోంది. ఇంటికి పోదామన్న మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాడు. ఆవిడ అరుగు పట్టుకుని లేచింది. గంటస్తంభం చేరాక రాతిమీద అరచెయ్యి ఆనించి నిలబడింది. కింద నది మొత్తం కనిపిస్తోంది.

ఊపిరి తిప్పుకుని, ఆయన చేతిలోని పటం, చెవి మీది పెన్సిలు లాక్కుంది. పటంలో ఎత్తుమీదికి వంకరగా ఒక గీత గీసింది. సగంలో చిన్న గుర్తు పెట్టింది.

"ఇక్కడో బెంచీ వేయించమనండి."

"నీకా?"

"మీకు. ఆ ఆయాసం చూడండి." పటం మడిచి ఆయన జేబులో పెట్టింది. "సరే, ఇప్పుడు చెప్పండి, ఆ చేపలు చెక్కినవాడి సంగతి."

పటాలాయన నోరు తెరిచాడు. ఆయాసం తప్ప ఒక్క మాటా రాలేదు.